తోడల్లుడి గుంత

"రేపు పొద్దున ఇంకు చూద్దాం సార్, సిద్ధంగా ఉండండి" అన్నాడు మేస్త్రీ ఫోన్లో. చేసేది స్టేషనరీ వ్యాపారమాయె, మన షాపాయనకి ఇంకోటి తోచలేదు. మర్నాడు ఇల్లు కడుతున్న చోటికి నీలం సీసా ఒకటి, నల్ల సీసా ఒకటి పట్టుకుని దిగాడు.

"ఇదేంటి సార్?"

"ఇంకు. ఏ రంగు కావాలో చెప్పలేదుగా నువ్వు!"

"నేను చూడాలన్నది సెప్టిక్ ట్యాంకు కోసం నేలలో నీళ్ళు ఎంత ఇంకుతాయో సార్!"

కూలీలు నవ్వారు, భార్య నవ్వింది. రోడ్డుకి అవతల అప్పుడే తన ఇల్లు కట్టిస్తున్న తోడల్లుడు అందరికంటే గట్టిగా నవ్వాడు. "తమ్ముడు సెప్టిక్ ట్యాంకుక్కూడా రాతకోతలు మొదలెట్టాడ్రోయ్!"

ఆ నవ్వు షాపాయనకి అరికాల్లో మొదలై నడినెత్తికెక్కింది. అక్కని చేసుకున్నవాడు ఆయన, చెల్లెల్ని చేసుకున్నవాడు ఈయన. అప్పట్నుంచీ ఆయనది ఎప్పుడూ ఒక మెట్టు పైనే. ఆయన మొక్క పెడితే చిగురు, ఈయన పెడితే దిగులు. మధ్యలో ఉన్నది రోడ్డొక్కటే, అయినా నేలకూడా ఆయన పక్షమే. అటు ఇసుక కలిసిన మెత్తటి మట్టి. ఇటు వానకి ఉబ్బి, ఎండకి నోరు తెరిచే నల్లమట్టి. దీన్ని నమ్మలేక పునాదే రెట్టింపు లోతు తవ్వించాల్సి వచ్చింది.

మేస్త్రీ రెండు స్థలాల్లోనూ ఒకే కొలత గుంతలు తీయించి, నిండా నీళ్ళు పోయించాడు. "పొద్దుటికి నీళ్ళు పోతే ట్యాంకు పక్కన చిన్న ఇంకుడు గుంత చాలు. పోకపోతే పెరడంతా కాలవలు తవ్వి కంకర నింపాలి. ఇక అక్కడ కాయగూరల మాట మర్చిపోవాలి."

"అయ్యో, నా బెండకాయలు!" అంది భార్య.

"వదినగారి పెరట్లో ఎలాగూ కాస్తాయిలే, అక్కణ్ణుంచి తెచ్చుకుందువుగాని" అన్నాడు షాపాయన. అంటూనే నాలిక్కరుచుకున్నాడు. ఆ ఇంటి బెండకాయ ఈ ఇంటి కూరలోకి రావడమా? కూర ఉడుకుతుందో లేదో గాని తను మాత్రం ఉడికిపోతాడు!

తెల్లవారుతూనే ఒంటరిగా వచ్చి చూశాడు. అన్నయ్యగారి గుంత అడుగున తడి తప్ప చుక్క లేదు. తన గుంతలో ఆకాశం కనిపిస్తోంది. నిండుకుండ తొణకదంటారు, ఇది నిండు గుంత, కనీసం ఉలకలేదు కూడా. పైగా కాసేపట్లో ఆయన వస్తాడు, చూస్తాడు, మళ్ళీ నవ్వుతాడు.

పక్కనే సిమెంటు పనివాళ్ళ బకెట్టుంది. షాపాయన అటూ ఇటూ చూసి లుంగీ ఎగ్గట్టాడు. తోడల్లుడి మీద కసికొద్దీ తోడాడు, తోడాడు. తోడిందంతా గోడవార భార్య పోసుకున్న మిరపనారు మీద గుమ్మరించాడు.

మేస్త్రీ వచ్చి గుంతలోకి వంగి బుర్ర గోక్కున్నాడు. "మట్టి చూస్తే జిగురుగా ఉంది. అయినా నీళ్ళు పోయాయిగా! సరే, రెండిళ్ళకీ ఇంకుడు గుంత ఒకటే కొలత."

"విన్నారా అన్నయ్యగారూ, ఒకటే కొలత!" అని రోడ్డు దాటేలా అరిచాడు షాపాయన. జన్మలో మొదటిసారి ఆయనతో సమానమయ్యాడు మరి.

ఇళ్ళు పూర్తయ్యాయి, కాపురాలు మొదలయ్యాయి. వానాకాలమూ వచ్చింది. ఓ ఆదివారం వదినగారూ అన్నయ్యగారూ భోజనానికొచ్చారు. సరిగ్గా విస్తళ్ళ ముందు కూర్చునే వేళకి బాత్రూములోంచి గుడగుడమని చప్పుడు. వెనకవైపు ఇంకుడు గుంత మీద మూత పక్కనుంచి మురుగు బెండమొక్కల్లోకి పారుతోంది. ఒకటే కంపు.

తోడల్లుడు ముక్కు మూసుకునే ఫోన్ చేసి మేస్త్రీని పిలిపించాడు. "పరీక్ష చేశానన్నావు, ఇదా నీ పరీక్ష? నీకు పనిమ్మని మా పక్కింటాయనకి చెప్పాను చూడు, నాదీ బుద్ధితక్కువ. ఇప్పుడే వద్దని చెప్పేస్తా."

"సార్, నా కళ్ళతో చూశాను. గుంత ఖాళీగా ఉంది. మీరైనా చెప్పండి సార్" అని మేస్త్రీ షాపాయన వైపు తిరిగాడు.

షాపాయన గోడకేసి చూశాడు. చెబితే, ఇక జన్మంతా ఆ నవ్వు వినాలి. ఎదుట తోడల్లుడు అప్పుడే ఫోన్లో నంబరు వెతుకుతున్నాడు.

"ఆ ఫోను లోపల పెట్టండి అన్నయ్యగారూ" అన్నాడు చివరికి. "నీళ్ళు ఇంకలేదు. నేనే తోడేశాను."

"ఎందుకురా తమ్ముడూ?"

"మీ గుంత ఖాళీ అయింది కదా. నాది అవలేదు. అందుకు."

భార్య నోటి మీద చెయ్యేసుకుంది. "అదా సంగతి! ఆ రోజు మిరపనారంతా బురదలో మునిగిపోయుంటే, పాపం, నా తోట మీద ప్రేమకొద్దీ తెల్లారకుండా వచ్చి నీళ్ళు పోశారనుకున్నానే అక్కా! నారు కుళ్ళిపోయినా పల్లెత్తు మాటనలేదు."

"కుళ్ళింది నారు కాదే చెల్లీ" అంది వదినగారు, మొగుడి మొహమూ మరిది మొహమూ మార్చిమార్చి చూస్తూ. "ఈయన మాత్రం తక్కువా? ఇసక నేల, రెండుపూటలా తడపలేక చస్తూ, 'తమ్ముడి మట్టి చూడు, ఒకసారి తడిపితే వారం ఉంటుంది' అని రోజూ నా దగ్గర ఏడుపే."

తోడల్లుడికి నవ్వు రాలేదు. మేస్త్రీకి మాత్రం ఆగలేదు. తెరలు తెరలుగా నవ్వుతూనే, కంకర కాలవలకి పెరట్లో ముగ్గుపిండితో గీతలు గీయడం మొదలెట్టాడు.