ఎవరూ కూర్చోని అంచు

నేను ఒక అంచుని. బల్లని కాను, ఉయ్యాల బల్లకి ముందరి అంచుని మాత్రమే. ఆ బల్ల కూడా చెక్కది కాదు. కాకినాడలో ఒక చిన్న స్టూడియోలో వకుళ అనే అమ్మాయి కంప్యూటర్లో తయారు చేసిన బొమ్మ. బల్ల పైభాగమూ ముందుభాగమూ కలిసిన చోట నేను పుట్టాను. నాకంటూ మందం లేదు, బరువు లేదు. ఇద్దరి మధ్య తగువులాగా ఉన్నానంతే.

పుట్టగానే నాకు పొగరెక్కింది. ఏ కత్తికీ లేనంత పదును నాది. ఎంత దగ్గరికొచ్చి చూసినా ఒక్క నొక్కు కనబడదు. వంకాయ కూడా కోయలేనన్న సంగతి అప్పటికి నాకు తట్టలేదు. పనికిరాని పదునుకే పొగరెక్కువ కాబోలు.

వకుళ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ బొమ్మ నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే అమలాపురంలో బాబాయి ఫొటో స్టూడియోకి వెళ్ళి, పెళ్ళి ఆల్బముల్లో పెళ్ళికొడుకుల మొటిమలు చెరుపుతూ కూర్చోవాలి. మనుషుల వ్యవహారం నాకు వింతగా తోస్తుంది. తమ మొహాల మీది మచ్చలు చెరిపించుకుంటారు. మచ్చల్లేని బల్లని మాత్రం నమ్మరు.

నచ్చాల్సింది నూకరత్నం గారికి. ఆవిడది ఉయ్యాలలు అమ్మే కొట్టు, ఈ బొమ్మ దాని ప్రకటనకే. వస్తూనే తెర ముందున్న కుర్చీలో కూలబడి నన్ను చూసింది.

"ఏంటమ్మాయ్ ఇది? కేకు కోసి పెట్టినట్టుంది. దీనిమీద కూర్చుంటే తొడలు తెగుతాయి!"

"ఆయ్, మార్పించేస్తామండి," అన్నాడు స్టూడియో యజమాని భానోజీ. అని వకుళ వంక చూశాడు. ఆ చూపులో అమలాపురం బస్సు కనబడింది.

వకుళ నా పదును పోయేలా సన్నగా చెక్కింది. నాకు మొదటిసారి వెడల్పు వచ్చింది, వెంట్రుకంత. ఆ వెడల్పు మీద వెలుగు పడి తెల్లటి గీతలా మెరిసింది. వెలుగు నిలవడానికి చోటు కావాలనీ, పదునుగా ఉన్నన్నాళ్ళూ అది నన్ను చూడకుండానే దాటిపోయిందనీ అప్పుడు తెలిసింది. పొగరు పోయిందనే బాధకన్నా, ఎవరో గుర్తించారన్న సంతోషమే ఎక్కువైంది. సిగ్గులేనిదాన్ని.

వాడిన వస్తువుకి ముందు మూలలే అరుగుతాయని వకుళ పాఠాల్లో నేర్చుకుంది. అందుకని బల్ల మూలలన్నీ దెబ్బలు తిని అరిగిపోయినట్టు చేసింది. ఇంకా బాగుండాలని ఉయ్యాలని మెల్లగా ఊపింది కూడా.

నూకరత్నం గారు లేచి నిలబడిపోయింది.

"ఆపమ్మా, ఆపు! ఖాళీ ఉయ్యాల ఊపుతారా ఎవరైనా? మీ ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా?"

వకుళ ఆపింది. ఆవిడ మళ్ళీ కూర్చుని, కుర్చీ ముందంచుని రెండు చేతులా పట్టుకుంది.

"ఆ మూలలు చూడు. గాల్లో వేలాడే బల్ల దేనికి గుద్దుకుంటుందే, నా నెత్తికా? ఇది మనుషులెక్కని ఉయ్యాల. చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తోంది. సాయంత్రం మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇంతే అయితే వేరేవాళ్ళని చూసుకుంటాను భానోజీ గారూ."

తిడుతున్నంతసేపూ ఆవిడ కాళ్ళు ముందుకీ వెనక్కీ ఆడుతూనే ఉన్నాయి. చేతి బొటనవేళ్ళు కుర్చీ అంచుని రుద్దుతూనే ఉన్నాయి. కోపం ఆవిడ నోట్లో ఉంది. కాళ్ళూ చేతులూ మాత్రం ఏదో ఉయ్యాల మీద హాయిగా ఊగుతున్నాయి. మనిషి ఒక్క చోట ఉండడనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. వకుళ తలదించుకునే ఉంది కానీ, చూపు ఆ వేళ్ళ మీదే నిలిచింది.

ఆవిడ వెళ్ళగానే వకుళ మూలల్ని బాగుచేసింది. ఊపు తీసేసింది. నా మధ్యభాగాన్ని, తొడలు ఆనే చోట, కాస్త ఎక్కువ గుండ్రం చేసింది. దానికి అటూ ఇటూ అరచేతులు పడే చోట నునుపు తెచ్చింది. బొటనవేళ్ళ కింద రంగు కొంచెం నల్లబరిచింది. చక్కిలిగింత పెట్టినట్టయింది నాకు. ఎవరూ తాకకుండానే ఎవరో ఏళ్ళతరబడి తాకిన జ్ఞాపకం వచ్చేసింది.

సాయంత్రం నూకరత్నం గారు వచ్చి తెర మీదికి వంగి చూసింది.

"ఎవరో ఇప్పుడే లేచెళ్ళినట్టుంది," అంది. "ఎవరే అమ్మాయ్, దీనిమీద కూర్చుంది?"

"మీరేనండి," అంది వకుళ.

ఆవిడ తన చేతుల్ని తిప్పి చూసుకుంది. కిసుక్కున నవ్వింది. "దొంగపిల్లా! భానోజీ గారూ, నా కొట్లో ఇంకా బోలెడు రకాలున్నాయి. అన్నీ ఈ పిల్లే చెయ్యాలి. దీన్ని ఎక్కడికీ పంపకండి."

"ఆయ్, ఎందుకు పంపుతామండి! రేపట్నుంచి మా మనిషే," అన్నాడు భానోజీ.

గుమ్మం దాకా వెళ్ళి ఆవిడ వెనక్కి తిరిగింది. "బొమ్మ కింద పెద్దక్షరాలతో రాయండి, సరికొత్త సరుకని."

రాశారు. ఇప్పుడు ఆ కొట్టు గోడ మీద, అరిగిపోయిన నేనూ, నా కింద సరికొత్త అన్న మాటా కలిసే ఉంటున్నాం. కొనడానికొచ్చినవాళ్ళు కొత్త బల్లల్ని తడిమి చూసి, "బొమ్మలో ఉన్నదే కావాలండి," అంటున్నారు. నూకరత్నం గారు తొణకదు. "అదేనండి ఇది. ముందు కొన్నాళ్ళు కూర్చోండి," అంటుంది.