సుక్కి ఒంటి పొగవాసన

గోదావరిఖనిలో కొత్త గనులు తవ్వుతున్న రోజులవి. గని కప్పు కూలకుండా నిలబెట్టే కలప కోసం అడవికి పోయే మొగిలి, ఒక వానాకాలం లారీలో దుప్పి పిల్లను తెచ్చాడు. అతని భార్య ఐలవ్వ దానికి మేకపాలు పట్టింది. ఒంటి మీది చుక్కలు చూసి సుక్కి అని పేరు పెట్టింది.

ఏడాది తిరిగేసరికి సుక్కి ఆమె నడుమెత్తు పెరిగింది. ఒకరోజు వాడకుక్కలు మీదపడి దాని చెవి చీల్చాయి.

"ఇంక ఇక్కడుంటే బతకదే. దాని మందల కలుపుదాం," అన్నాడు మొగిలి.

పోయేవాళ్లను సాగనంపడం ఐలవ్వకు ఎన్నడూ చేతకాలేదు. అక్క అత్తారింటికి పోయినప్పుడూ, తమ్ముడు బొంబాయి రైలెక్కినప్పుడూ చాన్నాళ్లు ఆమెకు అన్నం సయించలేదు. అయినా నెత్తురు తుడిచిన చేతిని చూసుకుని కాదనలేకపోయింది.

కలప లారీలో సుక్కిని అడవికి తీసుకుపోయారు. వాగు ఒడ్డున మంద మేస్తోంది. సుక్కి చెవులు రిక్కించి ముందుకు నడిచింది. పెద్ద దుప్పి ఒకటి మూతి ఎత్తి గాలి పీల్చింది. ముందుకాలితో నేలను టపటపా కొట్టింది. అంతే, మందంతా పరుగు తీసింది. సుక్కి వెనక్కి వచ్చి ఐలవ్వ కుచ్చిళ్లలో మూతి దూర్చింది. ఆమెకు సంతోషమేసింది. వెంటనే కుక్కలు గుర్తొచ్చి భయమేసింది.

"ఏందే, పెండ్లోల్లకు పిల్ల నచ్చలేదా?" అని నవ్వబోయి ఊరుకున్నాడు మొగిలి.

పక్క క్వార్టరు సువార్తమ్మ సంగతంతా విని, సుక్కి మెడ దగ్గర వాసన చూసింది.

"అక్కా, గిది దుప్పి లెక్క లేదు, మన పొయ్యి లెక్క వాసనొస్తుంది. పొగంటే వాటికి అడవి అంటుకున్నట్టే గదా. ఉరకయా మరి?"

నిజమే. సాయంత్రమైతే ప్రతి ఇంటి ముందూ బొగ్గు కుప్ప పోసి కాల్చి, పొగంతా పోయాక వంటకు దాచుకునేవారు. దోమలు కుట్టకుండా సుక్కిని ఆ కుప్ప పక్కనే కట్టేసింది ఐలవ్వే.

మొగిలి సెలవు పెట్టాడు. ఆ వాగు పక్కనే కలప నరికేవాళ్లు వదిలిపోయిన గుడిసెలో సుక్కితో కలిపి ముగ్గురూ మకాం పెట్టారు. పొయ్యి ముట్టించలేదు. అటుకులు నానబెట్టుకుని తిన్నారు. రోజూ వాగు బురదతో, మోదుగాకులతో ఐలవ్వ సుక్కి ఒళ్లు రుద్దేది.

"అగ్గి లేదు, బువ్వ లేదు, బీడీ సుత తాగనియ్యవు. గనిల దిగినట్టే ఉందే!"

"నోర్ముయ్యయ్యా. బిడ్డ బతుకు కన్న బీడీ ఎక్కువనా నీకు?"

ఒక తెల్లవారుజామున మంద మళ్లీ వచ్చింది. సుక్కి వెళ్లి నిలబడింది. పెద్ద దుప్పి మెల్లగా దగ్గరికొచ్చి దాని మెడ వాసన చూసింది, వీపు చూసింది. గుడిసె చాటు నుంచి ఐలవ్వ, మొగిలి చూస్తున్నారు. దుప్పి నాలుక చాపి సుక్కి నుదురు నాకింది.

ఇంతలో గాలి మళ్లింది. మనుషుల వాసన తగిలిందేమో, పెద్ద దుప్పి నేలను కొట్టింది. తోకలన్నీ తెల్లగా లేచాయి. పిలవబోయిన ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. సుక్కి అందరితో పాటు తోకెత్తింది. ఎదురుగా మనిషెత్తు పొద. వాకిట్లో నులకమంచం దాటడానికే జంకే పిల్ల, ఆ పొద మీదుగా గాలిలోకి లేచింది. పొద్దు వెలుగు దాని పొట్ట కింద నుంచి మెరిసింది.

"ఎవలు నేర్పిండ్రయ్యా దానికి గట్ల ఎగురుడు?" అంది ఐలవ్వ గుసగుసగా.

అవతల ఆకులు ఊగడం ఆగేదాకా ఇద్దరూ కదలలేదు.