మొదటి షిఫ్టు నీళ్లు

సకల జనుల సమ్మె ముగిసి బొగ్గు గనుల్లో మళ్లీ షిఫ్టులు మొదలైన మరునెలలోనే మా పక్క క్వార్టరు సదయ్య గుండెనొప్పితో కన్నుమూశాడు. ఆనాటి నుండి అతని భార్య ఐలవ్వ భర్త మాట ఎత్తలేదు, కంట తడి పెట్టలేదు. అయితే మధ్యాహ్నం మొదటి షిఫ్టు ముగిసిన కూత వినబడగానే ఆమె చేతులు వాటంతట అవే పొయ్యి మీద నీళ్ల కాగు ఎక్కించేవి. బొగ్గు మసితో వచ్చే మనిషి లేడు. ఆ నీళ్లు సాయంత్రానికి చల్లారిపోయేవి.

సంవత్సరీకం నాడు తోటి కార్మికులు పందిరి వేసి, పోయిన మనిషిని తలచుకోవడం మా వాడ ఆనవాయితీ. ఆనాడు చదవడానికి కూతురు యమున ఒక కాగితం రాసి, వాడలో పురాణం చెప్పే నాకు చూపింది. అది విన్నాకనైనా అమ్మ నోరు విప్పాలని ఆ పిల్ల ఆశ.

మా నాన్న కష్టజీవి. మా నాన్న మితభాషి. మా నాన్న అందరికీ ఆప్తుడు. కాగితంలోని వాక్యాలన్నీ పట్టాల మీది బొగ్గు టబ్బుల వలె ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. పూజలో దేవునికి ఆయన గుణాలే చెప్పి ఊరుకుంటామా అని అడిగాను. పిలుస్తాము, ప్రశ్నిస్తాము, రమ్మంటాము, రాకపోతే అలుగుతాము. ఇన్ని తీరుల వాక్యాలు కలిస్తేనే ఎదుట ఒకరున్నట్టు తోస్తుందన్నాను.

“మరి మీ పురాణంల గంటకొక్కసారే వాక్యం ఆగుతది గద తాతా?” అని నవ్వింది.

నేనూ నవ్వి, మీ నాన్న డ్యూటీ దిగి రాగానే ఏమనేవాడని అడిగాను. ఆమె నవ్వు ఆగిపోయింది. కాగితం మడుచుకొని వెళ్లింది.

పందిరి కింద సదయ్య తోటి కార్మికులు లింగమూర్తి మొదలైనవారు మాట్లాడిన తరువాత యమున లేచింది.

“మసి అంటుతదని మా నాన్న చేతులు వెనక్కి కట్టుకొని వాకిట్లనే నిలబడేటోడు. ‘దూరం జరుగు బిడ్డా’ అని నాతోని అనేటోడు. అక్కడినుంచే మా అమ్మను అడిగేటోడు.” ఆమె మెల్లగా చదివింది. “ఏమే, నీళ్లు పెట్టినవా?”

ఆడవాళ్ల నడుమ ఐలవ్వ తల ఎత్తింది.

“పెట్టిన,” అన్నది. వాకిటి వైపు చూసింది. “జర ఆగు. ఇంకా కాగలె.”

ఆపై కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఏడాది దుఃఖం ఏడ్చింది. యమున చేతి కాగితంలో ఇంకా సగం మిగిలి ఉన్నది. చదవలేదు.