స్తంభానికి కట్టిన చక్రం

సైకిలుకు వేసిన గొలుసును ఇనుప స్తంభానికి రెండు చుట్లు తిప్పి, తాళం వేసి, గట్టిగా గుంజి చూశాడు. తర్వాత పానాతో ముందు చక్రం విప్పాడు. తోలు సీటు ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు. మిగిలిన మొండెం స్తంభానికి ఆనుకుని నిలబడింది. రోజూ ఇదే తంతు.

"సీటు మామయ్యా, హ్యాండిల్ మరిచిపోయావ్!" కాలేజీ మెట్ల మీది విద్యార్థుల్లో ఒకడు అరిచాడు.

"రేపు నీ నోటికి కూడా ఓ తాళం తెస్తాలేరా!"

కెమిస్ట్రీ ల్యాబులో అటెండరతను. గాజు గొట్టాలు కడిగీ కడిగీ వేళ్లు పాలిపోయాయి. చక్రాన్ని స్టోరు గదిలో మేకుకు తగిలించి, సీటును స్టూలు మీద పెట్టి పనిలో పడ్డాడు.

సైకిలు వాళ్ల నాన్నది. బట్టల మూట కట్టుకుని గడప గడపా తిరిగి, ఇంటిల్లిపాదినీ సాకిన బండి. సరుకు అమ్ముడుపోకపోయినా పర్లేదు, బండి మాత్రం పోకూడదనేవాడాయన. ఆయన పోయాక తమ్ముడు దాన్ని పాత ఇనుముకు వేసేద్దామన్నాడు. ఇతను కంచం ముందు నుంచి లేచిపోయాడు. అన్నదమ్ముల మధ్య మాటలు ఆ పూటతో సరి.

కాలేజీలో సైకిళ్లు మాయమవడం మొదలయ్యాక సూపరింటెండెంటును నిలదీశాడు.

"ఎవరి బండి వాళ్లే చూసుకోవాలయ్యా," అన్నాడాయన.

"మరి వాచ్‌మన్ ఎందుకండీ?"

"గేటు చూసుకోవడానికి."

"గేటును ఎవడు ఎత్తుకుపోతాడండీ?"

ఆ మర్నాటి నుంచే చక్రం, సీటు విప్పడం మొదలుపెట్టాడు. కుంటి సరుకును ఏ దొంగ ముట్టుకుంటాడని అతని లెక్క.

సాయంత్రం చక్రం, సీటు మోసుకుంటూ వచ్చేసరికి స్తంభం ఖాళీగా ఉంది. కింద గొలుసు తెగి పడి ఉంది. తాళం మాత్రం చెక్కు చెదరలేదు.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "నేను గేటు దగ్గరే ఉన్నా అన్నా! పాత సామాను తీసెయ్యమని ఆఫీసువాళ్లు చెప్పారంట, పాత ఇనుము కొట్టోళ్లు రిక్షాలో వేసుకుపోయారు. విరిగిన బెంచీల కింద ఏముందో నాకేం కనబడుద్ది?"

చక్రం భుజానేసుకుని వీధి చివరి పాత ఇనుము కొట్టుకు పరుగెత్తాడు. కొట్టువాడు దాన్ని ఎగాదిగా చూశాడు.

"అయ్యో పెద్దాయనా, ఇది దానిదా? సీటు లేదు, చక్రం లేదు, తుక్కనుకున్నాం. కోసేసి లారీకెక్కించాం. ఈపాటికి కొలిమిలో పడుంటది."

తిరిగొచ్చి సూపరింటెండెంటు ముందు నిలబడ్డాడు. జరిగింది చెప్పాడు.

"విప్పి పెట్టుకుంది నువ్వే కదయ్యా," అన్నాడాయన.

"దొంగ ఎత్తుకుపోయినా బాగుండేది. వాడికి అది సైకిలని తెలిసేది!"

స్టోరు తాళాలు బల్ల మీదికి గిరాటేశాడు. "రేపట్నుంచి గొట్టాలు మీరే కడుక్కోండి."

తనను తాను తిట్టుకుంటూ మెట్లు దిగాడు. తమ్ముడు చేద్దామన్న పనికి తన చేతులతో తానే సగం సాయం చేశాడు. ఇంత నష్టం ఏ దొంగా చేసి ఉండడు.

స్తంభం దగ్గర ఆగాడు. తెగిన గొలుసు ఒక చుట్టుకు సరిపోయింది. చక్రాన్ని స్తంభానికి ఆనించి, చువ్వల్లోంచి గొలుసు దూర్చి, తాళం వేసి, గట్టిగా గుంజి చూశాడు. సీటు చంకలో పెట్టుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ కాలేజీ గడప తొక్కలేదు.

సెలవుల తర్వాత కూడా చక్రం అక్కడే ఉంది, టైరులో గాలి దిగిపోయి, వేసిన తాళం వేసినట్టే.