ఆదివారం తెలుగు అరగంట

బంగారయ్య తాగి, సుపేలా దగ్గర కదిలే మినీబస్సులోంచి పడ్డాడని పాలమ్మే ఆవిడతో ఎవరో అన్నారట. ఆవిడ వచ్చి అచ్చమ్మకు చెప్పిందట. అచ్చమ్మ ఆ మాటను, పనికి వలసొచ్చిన మా తెలుగువాళ్లుండే క్యాంప్ వన్‌లో మా సందు కుళాయి దగ్గరికి తెచ్చి, తాను అనలేదనీ, తనతో అన్నారనీ చెబుతూ బిందె నిండేలోపు నలుగురికి పంచింది. వెనక నిలబడి విన్న ఐదో మనిషి బంగారయ్య పెళ్లాం కోటమ్మ. అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చింది.

జరిగింది వేరు. గురువారం ఊరి అవతల ఒక ప్రైవేటు వర్క్‌షాపులో గొలుసు తెగి, ఇనుప పలక మీద పడి బంగారయ్య కాలు మోకాలి కింద నుజ్జయింది. అయితే ఆ రోజు హాజరులో ఉన్న పేరు అతనిది కాదు, పక్కింటి నూకరాజుది. తల్లికి జబ్బుగా ఉందని బొబ్బిలి వెళుతూ నూకరాజు తన గేటు పాసు ఇచ్చి వెళ్లాడు. మా వాళ్లలో ఇది మామూలే. ఒకడు ఊరెళితే ఇంకొకడు వాడి పాసు మీద లోపలికి పోయి, ఆ పని పరాయివాడి పాలు కాకుండా కాస్తాడు. గేటు దగ్గర పాసు మీది ఫొటో ఎవరూ చూడరు. దెబ్బ తగిలాక మాత్రం చూశారు. ఈ మనిషెవరో మాకు తెలియదన్నాడు కంట్రాక్టరు. అతని మనుషులే బంగారయ్యను ఆటోలో వేసి రోడ్డు పక్కన దించిపోయారు. ఆసుపత్రి కాగితంలో రోడ్డు ప్రమాదమని పడింది.

పనిలో తగిలిన దెబ్బేనని తేలితే కంట్రాక్టరు రాయ్‌పూర్ పెద్దాసుపత్రికి పంపి తీరాలి, అక్కడైతే కాలు దక్కొచ్చు. తేలకపోతే సోమవారం పొద్దున్న ఇక్కడే కాలు తీసేస్తారు. అప్పటికి శనివారం మధ్యాహ్నం. కోటమ్మ ఠాణాకు వెళితే సాక్షిని తెమ్మన్నారు. యూనియన్ ఆఫీసుకు వెళితే పాసు లేనివాడు తమ మనిషి కాదన్నారు. చివరికి కేబుల్ సతీష్‌కుమార్ దగ్గరికి వెళ్లింది.

మా సందుల్లో మూడు వందల ఇళ్లకు కేబుల్ అతనిదే. ఆదివారం పదింటికి తెలుగులో అరగంట నడిపేవాడు. ఎవరి పెళ్లి కేసెట్టు, ఎవరి రేషను కార్డు పోయింది, ఎవరి పిల్ల పరీక్ష గట్టెక్కింది, అన్నీ అందులోనే. అడిగిన వాళ్లను కెమెరా ముందు కూర్చోబెట్టేవాడు. ఒకసారి కూర్చుని వచ్చిన అచ్చమ్మ నెల తిరక్కుండా ముక్కుపుడక మార్చింది.

కోటమ్మ అడిగితే మాత్రం అతను చాలాసేపు నసిగాడు.

"దేఖో పిన్నీ, నీ బాద నువ్వు సెప్పుకో. కేసెట్టులోకి మాత్రం ఎక్కించను. సబూత్, రుజువు మిగిల్తే రేపు కంట్రాక్టరు మనుషులు నా తీగలన్నీ కోసేస్తారు."

ఆదివారం కోటమ్మ ఆసుపత్రిలో కట్టుకున్న చీరతోనే సతీష్ గదిలో కెమెరా ముందు కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. నూకరాజు పేరు ఎత్తలేదు.

"పాసు ఎవులిదో నాను సెప్పను, ఆడే సెప్పాల. ఆ షెడ్డులో మనోళ్లు పదకొండు మంది ఉన్నారు. ఒక్కడైనా రండి. తలుపు తీసే ఉన్నాది."

సతీష్ కెమెరా ఆపలేదు. మూడు వందల ఇళ్లలో తెర మీద కోటమ్మ, తలుపు వైపు చూస్తూ. ఐదు నిమిషాలు గడిచాయి. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు గుమ్మం బయట మూగారు. అందరికంటే ముందు అచ్చమ్మ.

ఆ పొద్దున్నే బొబ్బిలి నుంచి తిరిగొచ్చిన నూకరాజు వాళ్లను తప్పించుకుని లోపలికి వచ్చాడు. తెర మీదికి రాకుండా గోడ వారనే నిలబడ్డాడు. సతీష్ కుర్చీ చూపించాడు. అతను దాని వంక చూడలేదు.

"పాసు నాదే కోటమ్మా. నా పని కాయడానికే ఆడెల్లినాడు. అంతా నిజివే. కానీ ఆ కుర్సీలో కూకోను. ఆడికి కాలే పోతాది. నాను కూకుంటే నా ఇల్లంతా పోతాది."

అని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

బల్ల మీది మైకు ఆ మాటలన్నీ పట్టింది. అతని గొంతు ప్రతి ఇంటికీ వెళ్లిపోయిందని సతీష్ మెల్లగా చెప్పాడు. కోటమ్మ ఒక్క ఉదుటున లేచి గుమ్మంలోకి వచ్చి అచ్చమ్మ రెండు చేతులూ పట్టుకుంది. మూడు రోజుల తరవాత ఆమె మొహంలో నెత్తురు కనిపించింది.

"ఇన్నారు కదా. అందరూ ఇన్నారు. నాతో ఠాణాకి రండి. ఆడు ఒప్పుకున్నాడని సెప్పండి, అంతే. తెల్లారితే కాలు తీసేస్తారప్పా."

ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. వాళ్లలో ఆ కంట్రాక్టరు కింద మొగుడో కొడుకో లేనిది ఒక్కతీ లేదు. అచ్చమ్మ తన చేతులు విడిపించుకుని, కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఇన్నాం కోటమ్మా. క్యాంపంతా ఇన్నాది. ఇన్నామని మాత్రం ఎవులమూ సెప్పం."