ఎత్తని చెయ్యి

ఆ ఇనుప గోదాములో ఆమెను అందరూ డేగమ్మ అనేవాళ్లు. పైకప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేన్‌కి ఒక గాజు కేబిన్ వేలాడుతూ ఉంటుంది. అందులో కూర్చుంటే కింద ఎవడి చొక్కాకి గుండీ ఊడిందో కూడా చెప్పగలదని ఆమెకు పేరు. పదకొండేళ్లుగా ఆ కుర్చీ ఆమెదే. లారీల మీంచి ఇనుప రేకుల కట్టలు ఎత్తాలి, వరుసల్లో పేర్చాలి, అడిగినప్పుడు మళ్లీ లారీ ఎక్కించాలి. పెళ్లి ఊసెత్తిన వాళ్లతో, "నాకంటూ ఒక గది ఉంది, అందులో కుర్చీ ఉంది, చెప్పిన మాట వినే కొక్కెం ఉంది. మొగుడొస్తే ఇందులో ఒక్కటైనా మిగులుతుందా?" అని నోరు మూయించేది.

కింద నిలబడి సిగ్నల్ ఇచ్చేది ఆమె సొంత తమ్ముడు. షెడ్డులో మోతకి మాటలు వినబడవు. వైర్‌లెస్ సెట్లు ఇచ్చి చూశారు గానీ గరగర తప్ప ఇంకేమీ రాలేదు. అందుకని చేతులతోనే మాట్లాడుకోవాలి. చెయ్యి పైకెత్తి అరచెయ్యి కిందికి ఊపితే దించమని, పిడికిలి బిగిస్తే ఆగమని. సిగ్నల్ కనబడనిదే లివర్ ముట్టుకోకూడదు. వేలాడుతున్న బరువు కిందికి ఎవరూ పోకూడదు. ఈ రెండు రూల్సూ గోడమీద ఎర్రరంగుతో రాసి ఉంటాయి. తమ్ముడు మొదటిదాన్ని ప్రాణంలా చూసుకునేవాడు. రెండోదాన్ని మాత్రం అక్క క్రేన్ దగ్గర మీరేవాడు. వేరే ఆపరేటర్ ఉన్న రోజున బరువుకి పదడుగుల దూరంలో ఉండేవాడు. అక్క ఉన్నరోజున మటుకు రేకుల కట్ట నడుమెత్తులో వేలాడుతుండగానే కిందకి వంగి దుంగలు సర్దేవాడు. ఎవరైనా కసిరితే, "పైన ఉన్నది మా అక్క. నా మీద ఈగ వాలనిస్తుందా?" అని ఎదురు చెప్పేవాడు. ఇంటి దగ్గర ఎడమొహం పెడమొహంగా ఉన్న రోజుల్లో కూడా ఆ ధీమా తగ్గలేదు.

ఎడమొహం పెడమొహం రోజులు ఈమధ్య ఎక్కువయ్యాయి. కారణం అమ్మ.

అమ్మకి మతిమరుపు జబ్బు మొదలై రెండున్నరేళ్లు. మొదటి ఏడాది మనుషుల పేర్లు మరిచిపోయింది. రెండో ఏడాది పగలేదో రాత్రేదో మరిచిపోయింది. పగలంతా హాయిగా నిద్రపోతుంది. ఎదురింటావిడ వచ్చి కాపలా కూర్చుని, "పాపం, పసిపిల్లలా ఎంత బుద్ధిగా పడుకుంటుందో!" అని మెచ్చుకుని వెళుతుంది. మెచ్చుకోక ఏం చేస్తుంది, ఆవిడ రాత్రిళ్లు చూస్తేగా? దీపాలారాక అమ్మ లేస్తుంది. చెప్పులేసుకుంటుంది. తలుపు గడియ తీస్తుంది. కూతురు చెయ్యి పట్టుకుంటే, "బడికి టైమైంది, ఇంకా పడకేనా? లేచి తమ్ముణ్ణి కూడా లేపు" అని కోప్పడుతుంది. బతిమాలి పడుకోబెడితే గంట తిరక్కుండా మళ్లీ బడికి టైమవుతుంది. ఒకసారి గడియ చప్పుడు వినబడక మెలకువ రాలేదు. అమ్మ మెట్లు దిగి, వీధి దాటి, లారీల రోడ్డు దాకా వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి కూతురు తన కాలి బొటనవేలికి, అమ్మ మణికట్టుకి కలిపి ఒక పాత చున్నీ కట్టుకుని పడుకుంటోంది. అది పడుకోవడం అంటే అనండి, నేను మాత్రం అనను.

ఇలా పధ్నాలుగు నెలలు.

తిండి మానేస్తే నలుగురూ గమనిస్తారు. నిద్ర లేని మనిషిని చూసి మాత్రం, "ఏంటి మొహం పీక్కుపోయింది, కాస్త ఫేస్‌క్రీమ్ రాయరాదూ" అంటారు. లోపల ఏం జరుగుతోందో ఆమెకే తెలుసు. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది, లేదా అసలు పడేది కాదు. బస్సు దిగాల్సిన చోటు దాటిపోయేది. ఎవరో మంచినీళ్లు అడిగినా అరిచేది. అరిచినందుకు బాత్రూములోకెళ్లి ఏడ్చేది. తల ఒక పక్క పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పోటెత్తుతూనే ఉండేది. క్లినిక్‌లో డాక్టరమ్మ పట్టీ చుట్టి చూసి, ఈ వయసుకి ఇంత బీపీ ఏమిటని నొసలు ముడిచింది. మాత్రలు రాసి, కింద గీత గీసి, రోజూ ఏడు గంటల నిద్ర అని రాసింది. "ఈ చివరి మందు ఏ షాపులో దొరుకుతుందండీ?" అని ఆమె నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

తమ్ముడికి చెప్పొచ్చు కదా అంటారా? వాడి ఇల్లు రెండు వీధుల అవతలే. కానీ అడగడమన్నది ఆమెకు పుట్టుకతో రాని విద్య. ఒకసారి అడగబోయి, "అమ్మ ఈమధ్య రాత్రిళ్లు కాస్త లేస్తోందిరా" అంది. "నీ దగ్గరయితే కుదురుగా ఉంటుందక్కా. మా ఇంట్లో పిల్లల గోల" అన్నాడు వాడు. పక్కనే ఉన్న మరదలు, "అవును ఒదినా, అత్తయ్యకి మీరంటేనే గురి" అని ఒక పొగడ్త తగిలించింది. పొగడ్తల్తో కట్టేసినంత గట్టిగా తాళ్లతో కూడా కట్టలేరు. ఆ "కాస్త" అన్న మాట తాను ఎందుకు వాడిందా అని ఆమె దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది.

కేబిన్‌లో మాత్రం తప్పు జరగనివ్వలేదు. బుగ్గన లవంగం పెట్టుకునేది. చల్లటి నీళ్లు మెడ మీద పోసుకునేది. తొడ గిల్లుకుని గిల్లుకుని అక్కడ నల్లటి మచ్చలు పడ్డాయి. క్రేన్ ఎక్కాక ఒళ్లు దానంతటదే పని చేసుకుపోతోందని, ఇంకెక్కడ పొరపాటు పడినా ఇక్కడ పడనని ఆమె నమ్మింది. నిద్ర లేనివాళ్లు అందరూ నమ్మేది అదే.

ఆ రోజు పొద్దున పదకొండు కావస్తోంది. మూడు టన్నుల రేకుల కట్ట కొక్కేనికి వేలాడుతోంది. కింద నేలమీద వరుసగా దుంగలు పరిచారు, కట్టను వాటి మీద దించాలి. కట్టలకు తాళ్లు బిగించే ముసలాయన టీకి వెళ్లాడు. కట్ట నడుమెత్తుకి రాగానే తమ్ముడు పిడికిలి బిగించాడు. ఆపింది. ఒక దుంగ వంకరగా ఉన్నట్టుంది, వాడు వంగాడు. ఆమె ఎదురుచూస్తోంది. పైకప్పు రేకుల సందులోంచి ఎండ మోకాళ్ల మీద పడుతోంది. ఫ్యాను తిరుగుతోంది.

ఆమె కళ్లు మూసుకోలేదు. ఆ సంగతి ఎక్కడైనా ఒట్టేసి చెబుతుంది. తమ్ముడు లేవడం చూసింది. పక్కకి జరగడం చూసింది. చెయ్యి పైకెత్తి అరచెయ్యి కిందికి ఊపడం చూసింది. గ్లవ్‌కి బొటనవేలి దగ్గర ఉన్న చిరుగు కూడా చూసింది. లివర్ ముందుకి తోసింది.

ఒక అరుపు కేబిన్ అద్దాల్లోంచి దూరి వచ్చింది. అది ఫోర్‌మన్ గొంతు. ఆయన్ని అందరూ మైకు అంటారు. ఆ గొంతు కేబిన్ దాకా రావడం పదకొండేళ్లలో అదే మొదటిసారి. లివర్ వెనక్కి లాగింది. తమ్ముడు నిలబడ్డచోట తమ్ముడు లేడు. రేకుల కట్ట ఒక పక్కకి ఒరిగి దుంగ మీద కూర్చుంది, దుంగ నిలువునా చీలింది. చీలిన దుంగకీ రేకులకీ మధ్య ఒక గ్లవ్ నలిగి ఉంది.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. ఆ గ్లవ్ ఖాళీదని తెలుసుకోవడానికి ఎంతసేపు పట్టిందో ఆమె ఎన్నటికీ చెప్పలేదు. నాలుగడుగుల అవతల తమ్ముడు వెల్లకిలా పడి, రెండు చేతులూ మొహం ముందు పెట్టుకుని వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. పదీ ఉన్నాయి.

నిచ్చెన ఎలా దిగిందో తెలియదు. దిగేసరికే మైకు వాణ్ణి తన గదిలో కుర్చీలో కూర్చోబెట్టి కేకలేస్తున్నాడు. తమ్ముడు తల వంచుకుని, "నేనే దించమన్నాను సార్. చెయ్యి ఊపాక దుంగ వంకరగా కనబడి మళ్లీ వంగాను. తప్పు నాదే. అక్కది ఏం లేదు" అన్నాడు.

మైకు వాణ్ణి ఉతికి ఆరేశాడు. రెండు వారాలు సిగ్నల్ పని లేదు పొమ్మన్నాడు. ఆమె వైపు తిరిగి, "నువ్వేం మనసులో పెట్టుకోకు డేగమ్మా. సిగ్నల్ చూసి దించావు. భోంచేసి, కాస్త స్థిమితపడి, రెండింటికి ఎక్కు" అన్నాడు.

గుండెల మీంచి బండ దించినట్టయింది ఆమెకు. తను చూసింది నిజమే. చెయ్యి ఎత్తాడు, తను దించింది. పొరపాటు వాడిదే, పోనీలే, బతికాడు. ఆ సంతోషంలో రెండు ముద్దలు తినగలిగింది కూడా. మూడో ముద్ద మాత్రం దిగలేదు. తిరిగొచ్చి వంగడానికి వాడికి టైమెక్కడుంది అన్న ప్రశ్న గొంతులో అడ్డంపడింది.

షెడ్డు వెనక కుళాయి దగ్గర వాడు మోచెయ్యి కడుక్కుంటున్నాడు. తోలు లేచిపోయింది.

"నిజం చెప్పు. చెయ్యి ఎత్తావు కదా?"

"ఎత్తానని చెప్పాగా."

"అది మైకుకి చెప్పింది. నాకు చెప్పు."

వాడు కుళాయి కట్టేశాడు. ఆమె వైపు చూడలేదు. "రెండు చేతులూ దుంగ మీదే ఉన్నాయక్కా. ఇంకే చెయ్యి ఎత్తను?"

"నాకు కనబడిందిరా. లేచావు, పక్కకి జరిగావు, ఇలా ఊపావు."

"నిద్రపోయావక్కా."

"కళ్లు తెరిచే ఉన్నాను!"

"తెరిచే ఉన్నాయి. కట్ట కదిలిందని తలెత్తి అరిచాను. నువ్వు నా మొహంలోకే చూస్తున్నావు. చూస్తూ చూస్తూ దించావు."

ఆమె కుళాయి గట్టు మీద కూలబడింది. తొడ గిల్లుకుంటే, లవంగం నములుతుంటే నిద్ర తలుపు బయటే ఉంటుందనుకుంది. అది తన కళ్లలోంచే లోపలికొచ్చి, తమ్ముడి వేషం వేసుకుని, చెయ్యి ఊపి వెళ్లింది. రేపు ఆ ముసలాయన వేషం వేసుకుంటుంది. తను మళ్లీ నమ్ముతుంది. ఎందుకంటే కలకీ నిజానికీ మధ్య గ్లవ్ చిరుగంత తేడా కూడా లేదు. ఆమెకు జీవితంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"మరి అబద్ధం ఎందుకాడావు?"

"నీ లైసెన్సు లాక్కుంటారు. కేబిన్ లేకపోతే నువ్వు..." అని ఆగాడు. "పోనీలే అక్కా, ఇద్దరం బాగానే ఉన్నాం కదా. రెండవుతోంది, వెళ్లు. జాగ్రత్తగా ఉంటే చాలు."

జాగ్రత్త! పధ్నాలుగు నెలలుగా ఆమె దగ్గర ఉన్నది అదొక్కటే. ఆమె లేచింది. నిచ్చెన వైపు వెళ్లలేదు. మైకు గదిలోకి వెళ్లి, కేబిన్ తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"నన్ను ఎక్కనివ్వకండి. వాడు చెయ్యి ఎత్తలేదు. నేను కల కని దించాను."

మైకు పెన్ను కిందపెట్టాడు. "పొద్దుటి నుంచి చూస్తున్నా. తప్పు నాదంటే నాదని అక్కాతమ్ముళ్లు పోటీ ఏమైనా పెట్టుకున్నారా?" అన్నాడు. ఆమె మొహం చూసి మిగతాది మింగేశాడు. "రాత్రి పడుకున్నావా?"

"పడుకున్నాను."

"ఎంతసేపు?"

"గంట. తరవాత ఇంకో అరగంట."

"మొన్న?"

"అంతే."

"అంతకుముందు?"

"అమ్మ లేస్తుందండీ" అంది. ఆ రెండు మాటలూ ఇన్నాళ్లూ ఎవరితోనూ ఇంత సూటిగా అనలేదు. ఒకసారి అన్నాక ఇక ఆగలేదు. చెప్పులు, గడియ, లారీల రోడ్డు, కాలి బొటనవేలికి చున్నీ, అన్నీ చెప్పింది. మధ్యలో ఒక వాక్యం ఎక్కడ మొదలుపెట్టిందో మరిచిపోయి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది. మైకు అడ్డురాలేదు. తాళంచెవి తీసి సొరుగులో వేశాడు.

"దీన్ని నేనిప్పుడు పైకి రాయాలి" అన్నాడు. అంత మెల్లటి గొంతు ఆయనకుందని ఆ షెడ్డులో ఎవరికీ తెలియదు. "మెడికల్ టెస్టు అంటారు. కుర్చీ మళ్లీ నీకు ఇస్తారో లేదో నేను చెప్పలేను."

"రాయండి" అంది.

లేచి తిరిగేసరికి గుమ్మంలో తమ్ముడు. ఎప్పుడొచ్చాడో, చున్నీ మాట దగ్గరే వచ్చాడో, అంతకు ముందే వచ్చాడో. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాకు తెలీదక్కా" అన్నాడు. "ఇవాళ్టి నుంచి అమ్మ నా దగ్గరుంటుంది. సాయంత్రమే వచ్చి తీసుకెళ్తాను. నువ్వు పడుకో."

పధ్నాలుగు నెలలుగా ఏ మాట కోసం చెవులు కాయలు కాసేలా ఎదురుచూసిందో ఆ మాట అదే. విన్నాక హాయిగా ఉంటుందనుకుంది. దానికి బదులు కోపం తన్నుకొచ్చింది, దాని వెనకే ఏడుపు. వాడి చొక్కా రెండు చేతులా పట్టుకుని, ఊపి, ఊపలేక, వాడి భుజానికి తల ఆనించింది.

"ఈ ఒక్క మాట నీ నోట వినడానికి నిన్ను చంపినంత పని చెయ్యాల్సొచ్చిందిరా నాకు" అంది.