కాడి పెట్టిన చోటు

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు నిలిపే మైదానానికి ఒక కట్టుబాటు ఉండేది. బండివాడు ఎటైనా పోవాల్సివస్తే తన చోట్లో కాడి పెట్టి పోయేవాడు. మూడు రోజులు ఆ చోటు ఎవరూ ముట్టరు. నాలుగోనాడు ఫ్యాక్టరీ పన్నెండింటి కూతలోపు బండి రాకపోతే చోటు పోయినట్టే.

సీమోను చచ్చిపోయాక అతని పెళ్లాం రూతమ్మ ఎడ్లను అమ్మేసింది. ఏడాదంతా ఇంట్లో గోడలు చూస్తూ ఒక్కతే బీడీలు చుట్టింది. సీజన్ మొదలవగానే ఏం పుట్టిందో ఏమో, కాడి తెచ్చి మొగుని చోట్లో పెట్టి, చాప పరిచి కూర్చుంది. మర్నాడు పక్కింటి నర్సవ్వ తన బీడీల చాట పట్టుకుని వచ్చింది. మూడోనాటికి ఆరుగురయ్యారు. అబ్బ, ఏం మాటలు, ఏం నవ్వులు! రూతమ్మ ఏడాది మాటలన్నీ అక్కడే మాట్లాడింది.

నాలుగోనాడు పొద్దున్నే బండ్ల మేస్త్రీ హన్మాండ్లు వచ్చాడు. "అక్కా, కూత దాంక సూస్త. బండి రాకుంటే కాడి తీసేస్త. నన్ను తిట్టకు."

"తీసి సూడు!" అన్నదే గానీ రూతమ్మ అప్పుడే చాప మీంచి లేచింది. బండి అడగడానికి మరిది లాజరు దగ్గరికి ఉరికింది.

"బీడీలు సుట్టెటందుకు నా బండి నిలవెట్టాల్నా వదినె?" అని అతను ఎడ్లను అదిలించుకుని పోయాడు.

తిరిగొచ్చింది. ఆకు చుట్టబోతే చినిగిపోతోంది. కూర్చుంటుంది, లేస్తుంది, ఫ్యాక్టరీ దిక్కు చూస్తుంది.

"గా లేసుడు కూసుడు ఏందే? నాకు గూడ గాబరైతంది," అని నర్సవ్వ కసిరింది. "మీ ఇంటి ముంగట బండి లేదా?"

"ఉన్నది. ఎడ్లేవి?"

"మనం లేమా?"

సీమోను పోయినప్పటినుంచి రూతమ్మ ఆ బండిని ముట్టలేదు. ఇప్పుడు ముందుగా నొగ పట్టింది ఆమెనే. ఇద్దరు లాగగా నలుగురు వెనకనుంచి నెట్టారు. చక్రాలు కిర్రుమన్నాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. బండి చోట్లోకి చేరుతుండగానే కూత మోగింది.

"ఎడ్లేవక్కా?" అన్నాడు హన్మాండ్లు.

"బండి రావాలన్నరు. ఎడ్లు రావాలన్నరా?" అంది రూతమ్మ.

బండ్లవాళ్లంతా గొల్లున నవ్వారు. హన్మాండ్లు తల గోక్కుంటూ పోయాడు.

బండి కింద నీడలో చాప పరిచారు. వంతు వచ్చేదాకా సీమోను పడుకునే చోటది. రూతమ్మ అక్కడ కూర్చుని, ఏడాది తర్వాత మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. నర్సవ్వ ఆమె ఒళ్లోని చాట తీసుకుని, ఆమె బీడీలు కూడా తనే చుట్టసాగింది.